కటింగు నూట ఇరవై: టీకా తాత్పర్య సహితం

మూలము

కటింగు రూ. 120
గడ్డం రూ. 60
చిన్నపిల్లలకు రూ. 120
ఆదివారం రూ. 20 అదనం
మంగళవారం సెలవు
అప్పు రేపు

అవతారిక. వ్యాఖ్యాతలందరిదీ ఒకటే వరస: మూలం ఎంత చిన్నదైతే టీక అంత పెద్దది. మెదక్ సీమలోని కొల్చారం మనిషిగా చెప్పుకొనే కోలాచల మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాస్తూ, మూలంలో లేనిది గాని అక్కర్లేనిది గాని తన రాతలో ఉండదని మాటిచ్చాడు. ప్రస్తుత వ్యాఖ్యాత ఆ మాటలో మొదటి సగానికి కట్టుబడి, రెండో సగాన్ని పాఠకుల ఓపికకు వదిలేస్తున్నాడు. పైన చూపిన ఆరు పాదాల గ్రంథం ఏ ఊళ్లోనైనా బస్టాండు వెనక సందులో, సెలూను తలుపు పక్కన, వీధి వైపు తిరిగి ఉన్న రేకు మీద దొరుకుతుంది. కర్త పేరు లేదు, కృతిభర్త లేడు. ఇష్టదేవతా ప్రార్థన మాత్రం లోపలి గోడకు పటం రూపంలో ఉంది, దాని కింద అగరొత్తి వెలుగుతూ ఉంటుంది. దారిన పోయే ప్రతివాడూ చదివే ఈ గ్రంథానికి అర్థం అడిగినవాడు ఇంతవరకూ లేడు. కత్తిరిస్తారు, నూట ఇరవై తీసుకుంటారు, ఇందులో వ్యాఖ్యకేముంది అనేవారి కోసమే ఈ శ్రమ. మా ప్రతిజ్ఞ ఇది: బోర్డు మీది అంకె చేసిన పనికి వెల కాదు, రావలసిన మనిషికి పిలుపు.

ప్రతిపదార్థం. కటింగు = జుట్టు కత్తిరించుట (ఇంగ్లీషు మాటకు తెలుగు ఉకారం తగిలినది; ‘క్షౌరం’ పంచాంగంలో మిగిలింది గాని బోర్డు ఎక్కలేదు); రూ. = రూపాయలు; 120 = నూట ఇరవై. మూడు పదాల్లోనూ చిక్కంతా మూడోదాంట్లోనే. నూట ఇరవై దేనికి? కత్తిరించిన జుట్టుకు అందామా, మూడు నెలలు పెంచుకొచ్చిన కుర్రాడూ అంతే ఇస్తున్నాడు, చెవుల మీద నాలుగు వెంట్రుకలు మిగిలిన బట్టతలాయనా అంతే ఇస్తున్నాడు. పట్టిన సమయానికి అందామా, బట్టతల పది నిమిషాల్లో తేలిపోతుంది. పిల్లవాడికి కుర్చీ చేతుల మీద అడ్డపలక వేసి, తండ్రి చేత తల పట్టించి, ఏడుపు మధ్య సందు చూసుకుని కత్తెర ఆడించాలి. అయినా మూడో పాదం అదే నూట ఇరవై అంటోంది. కాబట్టి ఇది వెంట్రుకల లెక్కా కాదు, నిమిషాల లెక్కా కాదు, తలల లెక్క. ‘తలసరి’ అనే మాటను గణాంకాలవాళ్లు అద్దెకు తీసుకున్నారు గాని, అది అచ్చంగా సెలూను మాట. ఇక విభక్తి విచారం. వాడుకలో ‘నూట ఇరవైకి కటింగు’ అంటాం; ‘కి, కు’ పాత వ్యాకరణాల లెక్కలో షష్ఠి. మూలంలో ఆ ‘కి’ లేదు. లోపించిన విభక్తిని సందర్భాన్ని బట్టి తెచ్చుకోవాలి. సందర్భమా, బోర్డు వీధి వైపు తిరిగి ఉంది. లోపల కుర్చీలో కూర్చున్నవాడికి దాని వీపే కనిపిస్తుంది. బయట పోయేవాణ్ని చూస్తూ నిలబడ్డ వాక్యానికి ఒప్పే విభక్తి ఒక్కటే, సంబోధన ప్రథమ: ‘ఓ నూట ఇరవై రూపాయల మనిషీ!’

పాఠవిచారం. ‘120’ స్టిక్కరు మీద ఉంది. దాని ఒక మూల లేచింది. ఆ సందులోంచి చూస్తే పెయింటుతో రాసిన ‘100’, ఆ వంద వెనక సరిగ్గా చెరగని ‘80’ తాలూకు ఎనిమిది నడుము కనిపిస్తాయి. తాళపత్రాల పరిష్కర్తలు ఏది ప్రాచీన పాఠమో తేల్చలేక తల పట్టుకుంటారు. ఇక్కడ చిన్న అంకె ప్రాచీనం, పెద్ద అంకె నవీనం, అంతే. ఆశ్చర్యమేమంటే అంకె తప్ప ఏదీ మారలేదు. కత్తెరకు రెండే రెక్కలు, దువ్వెనకు అవే పళ్లు, గోడ మీద కటింగుల పటంలో పాతికేళ్ల నాటి హీరో. మరి అంకె ఎందుకు ఎక్కింది? 1966లో విలియం బామోల్, విలియం బోవెన్ అనే ఆర్థికవేత్తలు కచేరీల, నాటకాల ఖర్చు మీద పుస్తకం రాస్తూ దీనికి జవాబు చెప్పారు. నలుగురు కలిసి వాయించాల్సిన సంగీతానికి రెండు వందల ఏళ్ల కిందట నలుగురే కావాలి, ఇప్పుడూ నలుగురే కావాలి. ఫ్యాక్టరీలో మాత్రం ఒక్కడు పదిమంది పని చేయగలుగుతున్నాడు, కూలీ పెరుగుతోంది. ఆ పెరిగిన కూలీకి దగ్గరగా ఇవ్వకపోతే వాయించేవాడు ఫిడేలు పక్కన పెట్టి వేరే పని చూసుకుంటాడు. కత్తెర పట్టినవాడి సంగతీ అంతే. సరుకుల, కరెంటు ఖర్చే మూలమైతే, తెలంగాణలో 2021 ఏప్రిల్ నుంచి నాయీబ్రాహ్మణుల సెలూన్లకు నెలకు 250 యూనిట్ల దాకా ఉచిత కరెంటు ఇస్తున్నారు గనక స్టిక్కరు కింద ఒక దిగిన అంకె అయినా కనిపించాలి. ఇక్కడి పాఠాంతరాలన్నీ ఎక్కినవే. అంటే అంకెలో ముందుగా వినిపించేది వస్తువు గొంతు కాదు, మనిషి గొంతు: ఇంకోచోట ఎంత దొరుకుతుందో తెలిసిన పనివాడి గొంతు.

వ్యంగ్యార్థం. ఆలంకారికులు మాటకు మూడు శక్తులు చెప్పారు. గంగలో గొల్లపల్లె అంటే పల్లె నీళ్లలో ఉందని కాదు, ఒడ్డున ఉందని, ఇది లక్షణ. ఆ ఒడ్డు చల్లగా పావనంగా ఉంటుందని తోచడం వ్యంజన. ధరకూ ఇదే వరస. నూట ఇరవై రూపాయలు అభిధ. కుర్చీ, అద్దె, కూలీ లక్షణ. ‘లోపల ఎవరుంటారు’ అన్నది వ్యంజన. వీధి చివర చెట్టు కింద కుర్చీ వేసి కొమ్మకు అద్దం వేలాడదీసినవాడికి బోర్డే లేదు, అది మౌఖిక సంప్రదాయం. వీధి మొదట్లో ఏసీ సెలూను గాజుతలుపు మీద ‘హెయిర్ కట్ రూ. 499 నుంచి, పన్నులు అదనం’ అని ఉంటుంది. ‘నుంచి’ గంభీరమైన పంచమి. విడిపోవడం జరిగేటప్పుడు కదలక నిలిచేది అపాదానం అంటుంది పాణినీయం. ఇక్కడ విడిపోయేది నోటు, కదలక నిలిచేది జేబు. ‘పన్నులు అదనం’ అన్నది ఇంకా లోతైనది. ఏడాది రాబడి 20 లక్షలు దాటని సేవల దుకాణానికి జీఎస్టీ నమోదు అక్కర్లేదు. కనుక ఆ రెండు పదాలకు ‘మాది చిన్న కొట్టు కాదు’ అని వ్యంగ్యం. 2025 సెప్టెంబరు 22న సెలూను సేవల మీద పన్ను 18 నుంచి 5 శాతానికి దిగింది; పన్ను దిగినా ఆ రెండు పదాలు దిగనక్కర్లేదు, వాటి పని వేరే.

కొత్తవాడు అంకెనే ఎందుకు చదువుతాడు, పనితనాన్ని ఎందుకు చూడడు అంటారా? చూడలేడు. జార్జ్ అకెర్లాఫ్ 1970లో సెకండ్ హ్యాండ్ కార్ల ఉదాహరణతో ఒక సంగతి తేల్చాడు: సరుకు మంచిచెడ్డలు అమ్మేవాడికి తెలిసి కొనేవాడికి తెలియనప్పుడు మంచి సరుకు సంతలోంచి తప్పుకోవచ్చు. అలాంటి సంతలో ధరే సరుకు గురించి మాట్లాడటం మొదలుపెడుతుంది. కారునైనా ఒక చుట్టు తిప్పి చూడొచ్చు. కటింగును ముందు చూసి కొనలేం, నచ్చకపోతే తిరిగి ఇవ్వలేం, రాలిన జుట్టు మళ్లీ అంటించుకోలేం. తప్పు జరిగితే మూడు వారాలు ఊరంతా దాన్ని చదువుతుంది. కనుక గుమ్మం బయట నిలబడ్డ కొత్తవాడు చదవగలిగిందే చదువుతాడు. చదివినవాళ్లందరికీ ఒకే అర్థం రాదు. డబ్బుకు భయపడేవాడికి చిన్న అంకె ఆహ్వానం. అద్దానికి భయపడేవాడికి అదే అంకె హెచ్చరిక. పెళ్లి చూపులకు వెళ్లే వరుడు 499 దగ్గర ఆగుతాడు, ఆ పెళ్లి కుదిర్చిన మేనమామ 120 దగ్గర ఆగుతాడు. ఒకే అంకె ఒకణ్ని పిలిచి ఇంకొకణ్ని పంపేస్తోంది. ధర ఖాతాదార్లను ఎంచుకుంటుందంటే దానర్థం ఇదే. తలుపు దగ్గర ఎవరూ నిలబడి ఎవరినీ ఆపరు. ఎవరికి వారే తమ భయం కొద్దీ విడిపోతారు.

ఆదివారం రూ. 20 అదనం. ఆదివారం జుట్టు గట్టిపడదు, కత్తెర మొద్దుబారదు. మరి ఈ ఇరవై ఎవరికి? కనబడటానికి ఆదివారం వచ్చినవాడికి, నిజానికి రానక్కర్లేనివాడికి. ‘అయ్యా పింఛనుదారుడా, నువ్వు బుధవారం పదకొండింటికి రావచ్చు గదా’ అని దీని అన్వయం. ఆరు రోజులు డ్యూటీ ఉన్నవాడు ఇరవై ఇస్తాడు, తీరిక ఉన్నవాడు ఇరవై మిగుల్చుకుంటాడు. ఎదురుచూపు కూడా ధరే. బల్ల మీద పొద్దుటి పేపరు మధ్యపేజీ చదువుతూ కూర్చున్న గంట జేబులోంచి పోలేదు గాని రోజులోంచి పోయింది. ఈ రెండు నాణేల మారకం తెలుగువాళ్లకు తిరుమల నేర్పింది. సర్వదర్శనానికి టికెట్టు లేదు. ప్రత్యేక ప్రవేశానికి 300. శ్రీవాణి ట్రస్టుకు 10,000 విరాళమిస్తే మరో 500 మీద బ్రేక్ దర్శనం. లోపల స్వామి ఒక్కడే, తేడా ప్రధానంగా క్యూలో. అంకె అడుగుతున్నది ‘నీ దగ్గర ఎంతుంది’ అని మాత్రమే కాదు, ‘నీకు ఏది కరువు, రూపాయా గంటా’ అని. మంగళవారం సెలవు అనే పాదానికి టీక అక్కర్లేదు: ఆచారం అడ్డుపడిన రోజు ఎంత చిన్న అంకె పిలిచినా ఎవరూ రారని కర్తకు తెలుసు, అందుకే పిలవడం మానేశాడు.

పూర్వపక్షం ఒకటి. ‘తక్కువ తీసుకుంటే ఎక్కువ సతాయిస్తారు, రేటు పెంచితే మంచివాళ్లే వస్తారు’ అని సెలూను మొదలు టైలరు దాకా, ట్యూషను మేష్టారి దాకా అందరూ చెప్పే సూత్రం. ఇందులో సగమే నిజం. సతాయించేవాడు పేదవాడు కాదు. అంకె కోసమే వచ్చినవాడు. ‘సగం ధర’ అని బ్యానరు కడితే ఆ బ్యానరు చూసే వస్తారు, ఎదురుగా ఇంకో బ్యానరు లేస్తే అది చూసి పోతారు. ఉన్నంతసేపు ఇచ్చిన సగానికి మొత్తం వసూలు చేసుకోవాలని చూస్తారు. జేబులో అంతే ఉండి నూట ఇరవై వెతుక్కుంటూ వచ్చినవాడు వేరు. లేమి వేరు, బేరం వేరు. ఒకే అంకె కింద కూర్చున్నంత మాత్రాన ఇద్దర్నీ ఒకే గాటన కట్టడం వ్యాఖ్యాన దోషం. ఇక పెంచితే మంచివాళ్లే వస్తారన్న రెండో సగానికి జోసెఫ్ స్టిగ్లిట్జ్, ఆండ్రూ వైస్ 1981లోనే అడ్డుచెప్పారు. అప్పు మీద వడ్డీ పెంచుకుంటూ పోతే జాగ్రత్తగా తీర్చేవాడు ముందు తప్పుకుంటాడు. ఎంత వడ్డీకైనా సరే అనేవాడు, తెగించినవాడు, మిగులుతాడు. అక్కడ పెద్ద ధర పిలిచింది చెడ్డ ఖాతాదారుణ్ని. కనుక సూత్రాన్ని ఇలా దిద్దుకోవాలి: ధర మంచివాణ్ని గాని చెడ్డవాణ్ని గాని పిలవదు, ఆ ధర ఎవరి అవసరానికి సరిపోతుందో వాణ్ని పిలుస్తుంది. ఎవరి అవసరం ఏమిటో తెలుసుకోవడం బోర్డు రాసేవాడి పాండిత్యం.

పూర్వపక్షం రెండు. ‘ధరతో మనుషుల్ని జల్లెడ పడితే లేనివాడు బయటే ఉండిపోడా?’ గట్టి ఆక్షేపణే. దీనికి జవాబు బోర్డు లేని కాలంలో ఉంది. అప్పట్లో క్షురకుడికి తలకింత అని లేదు. ఊళ్లో ఆయగాళ్లలో ఒకడుగా పంట కళ్లం దగ్గర ఏడాదికోసారి మేర కింద గింజలు కొలిపించుకునేవాడు. ధర లేదు గనక జల్లెడ లేదా? ఉంది, కులం. ఎవరి గడ్డం గీయాలో ఎవరిది గీయకూడదో పుట్టుకే తేల్చేది. గీసే మనిషి చేయాల్సిన పనీ పుట్టుకతోనే తేలిపోయేది. ఆ జల్లెడ ముందు నూట ఇరవై అనే జల్లెడ ఎంత ఉదారమైందో చూడండి: ఇచ్చినవాడెవరో అడగకూడదు. దుకాణాల్లోకి ప్రవేశానికి కులం అడ్డు కారాదని 1950 నాటి రాజ్యాంగం 15వ అధికరణం, అంటరానితనం చెల్లదని 17వ అధికరణం, సేవ నిరాకరించడం శిక్షార్హమని 1955 నాటి చట్టం చెప్పవలసి వచ్చిందంటే, బోర్డు రాగానే పాత జల్లెడ ఊడిపోలేదనే అర్థం. అయినా వీధి వైపు తిరిగిన రేకు మీద అందరికీ ఒకే అంకె రాయడం చిన్న సంగతి కాదు. ఇది చదివి లోపలికొచ్చిన ఏ మనిషినీ పంపేయడానికి యజమాని చేతిలో కారణం మిగలలేదు.

ఆక్షేపణలో మిగిలిన భాగం ప్రాణం మీదికొచ్చే సేవల గురించి, దాన్ని ఒప్పుకోవలసిందే. కెన్యాలో దోమతెరల మీద జెస్సికా కోహెన్, పాస్కలీన్ డ్యూపా చేసి 2010లో ప్రచురించిన పరిశోధనలో, ఉచితంగా ఇచ్చిన తెరకు అరవై సెంట్లు ధర పెట్టేసరికి తీసుకునేవాళ్లు బాగా తగ్గిపోయారు. డబ్బిచ్చి కొన్నవాళ్లు మిగతావాళ్లకంటే ఎక్కువ వాడిందీ లేదు. అదే ఏడాది వెలువడిన జాంబియా పరిశోధనలో, నీళ్లు శుద్ధిచేసే మందుకు ఎక్కువ ఇవ్వడానికి ఒప్పుకున్నవాళ్లే దాన్ని ఎక్కువగా నీళ్లలో వేశారు. అంటే జల్లెడ ఒకచోట తాలు వదిలేసింది, ఇంకోచోట గింజనే పారబోసింది. కటింగు వాయిదా వేస్తే జుట్టు పెరుగుతుంది, అంతే. కంటి శుక్లం ఆపరేషను వాయిదా వేస్తే చూపు పోతుంది. అందుకే 1976లో మదురైలో 11 పడకలతో మొదలైన అరవింద్ కంటి ఆసుపత్రి జల్లెడను తిరగేసింది: ఉచితం, తక్కువ ధర, పూర్తి ధర అని తలుపులు పెట్టి, ఏ తలుపులోంచి రావాలో రోగికే వదిలేసింది. 1987లో హైదరాబాదులో మొదలైన ఎల్వీ ప్రసాద్ సంస్థ రోగుల్లోనూ సగం దాకా డబ్బు కట్టనివాళ్లే. ధర గదిని మార్చింది, పడకను మార్చింది, కత్తి పట్టిన చేతిని మార్చలేదు. పిలుపు అందరికీ అందాలంటే ఒకే అంకె చాలదు, రెండు మూడు గొంతులతో పిలవాలి.

పూర్వపక్షం మూడు. ‘ధరే పిలుపైతే ధర లేనిచోట ఎవరు రావాలి? తిరుమల కల్యాణకట్టలో తలనీలాలకు రుసుము లేదు. అయినా జనం బారులు తీరుతున్నారే?’ అక్కడ పిలిచింది అంకె కాదు, మొక్కు. ఆ మొక్కు ముందే మనుషుల్ని ఏరింది గనక డబ్బుతో ఏరే పని లేదు. పైగా అక్కడ రకాలు లేవు: మగవారికి గుండు, స్త్రీలకు కావాలంటే మూడు కత్తెరలు. ‘పక్కన కాస్త తగ్గించండి’ అనే మాట అక్కడ వినపడదు. కనుక ఈ ఉదాహరణ మా ప్రతిజ్ఞను పడగొట్టలేదు, హద్దు చూపింది: ఇంకేదీ పిలవనిచోటే ధర పిలుస్తుంది. ఆ ఇంకేదో మీద ధరను తీసుకొచ్చి పెడితే ఏమవుతుందో ఇజ్రాయెల్‌లోని హైఫాలో 1998లో తేలింది. పది శిశుసంరక్షణ కేంద్రాల్లో కొందరు తల్లిదండ్రులు పిల్లల్ని తీసుకెళ్లడానికి ఆలస్యంగా వస్తుంటే, ఆరు కేంద్రాల్లో పది నిమిషాలు దాటితే పది షెకెళ్ల జరిమానా పెట్టి చూశారు. ఆలస్యాలు తగ్గలేదు, రెట్టింపు దాకా పెరిగాయి. అంతకుముందు టీచరమ్మను కూర్చోబెట్టామే అన్న మొహమాటం వాళ్లను పరుగెత్తించేది. ఇప్పుడు ఆలస్యం కూడా బోర్డు మీది సరుకే. జరిమానా ఎత్తేశాక కూడా ఆ మొహమాటం తిరిగి రాలేదు. అంకె రాయడం తేలిక. రాశాక చెరిపినా స్టిక్కరు కింది ఎనిమిది నడుములా మిగిలే ఉంటుంది.

విశేషం. మూలంలో రాయనిది ఒకటుంది, కొసరు. కటింగయ్యాక మెడ మీద పౌడరు, చెవి వెనక పటిక, నడినెత్తి మీద రెండు చేతులూ జోడించి టపటపా నాలుగు దెబ్బలు. కొత్తవాడికి రెండు దెబ్బలే, పాతవాడికి మెడ విరుపు కూడా. ధర అందరికీ ఒకటే, కొసరు మనిషిని బట్టి. ధర పిలుస్తుంది, కొసరు నిలుపుతుంది. చివరి పాదం ‘అప్పు రేపు’ అన్నదీ ఈ వెలుగులోనే చదవాలి. రేపు వచ్చినా బోర్డు మీద ‘రేపు’ అనే ఉంటుంది గనక ఇది కాలం చెల్లని వాక్యం అని సామాన్యార్థం. అయితే అద్దం కింద సొరుగులో ఒక నోటుబుక్కు ఉంటుంది. అందులో ‘స్కూలు మేష్టారు 120’, ‘ఆటో 180’ అని పేర్లు లేని బాకీలు ఉంటాయి. అప్పు లేదన్న బోర్డు కిందే అప్పు నడుస్తోంది. విరోధమా? కాదు. ఆ పుస్తకంలో ఉన్నవాళ్లెవరూ బోర్డు చదవరు, చదివే అవసరం ఎప్పుడో తీరిపోయింది. స్టిక్కరు మారిన సంగతి కూడా వాళ్లకు డబ్బిచ్చేటప్పుడే తెలుస్తుంది.

తాత్పర్యము. ఆరు పాదాలూ ఇంకా లోపలికి రానివాడి కోసం రాసినవి. వచ్చి కూర్చున్నవాడికి బోర్డు వీపే కనిపిస్తుంది.